మడత విప్పిన నొప్పి

ఫిజియో వచ్చి వ్యాయామాల గది తాళం తీసేసరికే మెట్ల మీద ముగ్గురో నలుగురో కూర్చుని ఉండేవారు. ఆవిడ ముందు కిటికీలు తెరిచేది. నేల మీద చాపలు పరిచేది. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రబ్బరు పట్టీల్ని వరసగా గోడకి వేలాడదీసేది. వాటిలో పసుపుది సుకుమారం, ఎంత లాగితే అంత సాగుతుంది. నీలంది మొండిఘటం, దాన్ని లాగాలంటే కడుపులో ఉన్నదంతా కదలాలి. అన్నీ సర్దుకున్నాక గుమ్మం దగ్గరికొచ్చి, "రండి, తోసుకోకండి, కుంటేవాళ్ళు ముందు" అనేది. అక్కడికి వచ్చేవాళ్ళలో కుంటనివాళ్ళు తక్కువ కాబట్టి రోజూ తోపులాట తప్పేది కాదు.

ఆవిడకో పద్ధతుంది. ఏ వ్యాయామమైనా మొదట నొప్పితోనే చేసి చూపించాలి. ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ ఊపిరి బిగబడుతున్నారు అని కనిపెట్టేది. తర్వాత ఆ నొప్పిని విప్పి, గుమ్మం పక్కనున్న కొక్కేనికి తగిలించి, అదే వ్యాయామం మళ్ళీ చెయ్యాలి. నొప్పి అడ్డు లేనప్పుడు ఒళ్ళు సరైన దారి నేర్చుకుంటుందని ఆవిడ నమ్మకం. ఇంటికెళ్ళేటప్పుడు మాత్రం ఎవరి నొప్పి వాళ్ళు వేసుకుని వెళ్ళాల్సిందే.

"ఇక్కడే వదిలేసి పోతానమ్మా, నీకు పుణ్యముంటుంది" అని లెక్కల మాస్టారు రోజూ బతిమాలేవారు. ఆయనది నడుం నొప్పి.

"వదిలేసి వెళ్ళారనుకోండి, రేపటికల్లా బీరువా జరపబోయి ఇంకోటి తెచ్చుకుంటారు. ఎక్కడ ఆగాలో చెప్పేది అదే కదండీ. చిన్నదయ్యేదాకా వెంట ఉండనివ్వండి" అనేది ఫిజియో.

నొప్పులు బూడిద రంగులో, పిండని తువ్వాళ్ళలా ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్ళవి కొక్కెం నుంచి నేలదాకా వేలాడేవి. వ్యాయామం బుద్ధిగా చేసేకొద్దీ కురచయ్యేవి. అందుకని ఎవరు ఇంట్లో చేస్తున్నారో, ఎవరు చేశామని కోతలు కోస్తున్నారో గోడ వంక చూస్తే చాలు, తెలిసిపోయేది. మాస్టారిది ఎప్పుడూ ఒకే పొడుగు. "నాది ఉతికినా కుదించుకుపోని రకం" అని ఆయన సమర్థించుకునేవారు.

అందరిలోకీ బస్సు డ్రైవర్‌ది మంచి కథ. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు పాడై, మొదటిరోజు భార్య భుజం పట్టుకుని వచ్చాడు. ఆవేళ అతని నొప్పి దుప్పటంత ఉండేది. ఫిజియో చెప్పినవన్నీ చేశాడు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమంటే లేచాడు, మెట్టు మీద ఒంటికాలితో నిలబడమంటే నిలబడ్డాడు, కూర్చున్నచోట మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి నొక్కమంటే వార్తలు చూస్తూ కూడా నొక్కాడు. ఇప్పుడది జేబురుమాలంత అయింది. దాన్ని చూసినప్పుడల్లా అతనికి ఫిజియోకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించేది. పెడితే ఆవిడ, "ఆ చేతులు అలాగే పైన ఉంచి ఐదు లెక్కపెట్టండి" అంటుందని భయపడి మానుకునేవాడు.

జేబురుమాలంత నొప్పి ఇంకొకావిడకి కూడా ఉండేది. ఆవిడ లాండ్రీలో పనిచేస్తుంది. ఆసుపత్రులవీ హోటళ్ళవీ దుప్పట్లు వచ్చిపడే పెద్ద లాండ్రీ అది. దుప్పటిని ఇద్దరు ఆడవాళ్ళు చెరోవైపు పట్టుకుని, దులిపి, వేడి రోలర్‌లోకి పంపి, అవతల అందుకుని మడతపెట్టాలి. చాలా ఏళ్ళుగా ఆ రోలర్ కుడివైపు జాగా ఆవిడదే. దులిపీ దులిపీ కుడి భుజం పట్టేసి, పనికి సెలవు పెట్టి ఇక్కడికి వస్తోంది. ఫిజియో ఎప్పుడు ఏం అడిగినా ఆవిడ జవాబు ఒక్కటే.

"ఇక్కడ నొప్పిగా ఉందా?"

"పర్లేదమ్మా."

"ఎరుపు పట్టీ కష్టంగా ఉందా?"

"అబ్బే, పర్లేదు."

గదిలో అందరూ ఆవిణ్ణి పర్లేదమ్మ అనే పిలవడం మొదలుపెట్టారు. ఆవిడ దానిక్కూడా పర్లేదంది. పర్లేదంటోంది కదా అని ఫిజియో పసుపు నుంచి ఎరుపుకి, ఎరుపు నుంచి ఆకుపచ్చకి, ఆకుపచ్చ నుంచి నీలానికి పెంచుకుంటూ పోయింది. కొక్కేనికి ఉన్న ఆవిడ నొప్పి చూస్తే చిన్న చదరంగా, అంచుకి అంచు కలిపి, ముచ్చటగా ఉండేది. అది చిన్నది కాదనీ, మడతపెట్టిందనీ ఎవరికీ తట్టలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ దుప్పట్లు మడతపెట్టడమే పనిగా బతికిన మనిషి. ఎంత పెద్దదాన్నయినా అరచేతిలో ఇమిడేలా మడవడం ఆవిడకి ఊపిరి తీసుకున్నంత తేలిక.

అలా ఎందుకు చేసిందంటే, లాండ్రీ యజమానురాలు ముందే చెప్పేసింది. ఈ నెలాఖరు దాకా జాగా నీకోసం ఉంచుతాను, ఆ తర్వాత నా వల్ల కాదు అని. ఆవిడ చెడ్డమనిషేం కాదు, కానీ దుప్పట్లు ఆగవు కదా. ఆ నెల సోమవారంతో అయిపోతుంది. సోమవారానికల్లా ఫిజియో నోటి వెంట "వెళ్ళి పని చేసుకోండి" అనే మాట రావాలి. దానికోసం పర్లేదమ్మ పళ్ళు బిగించి నీలం పట్టీ లాగేది. లాగినప్పుడల్లా భుజం లోపల ఏదో పీచు పీచుగా తెగుతున్నట్టుండేది. ఇంటికెళ్ళి మడత విప్పితే అది గదంతా పరుచుకునేది. పక్క మీద ఆ వైపు ఒరిగి పడుకుని ఎన్నాళ్ళయిందో. కూతురే జడ వేసేది. "నీ చేత్తో వేస్తే నున్నగా వస్తుందే" అని పిల్లతో అబద్ధం చెప్పేది.

ఆ శనివారం గోడకి రంగు వేస్తున్నారు. కొక్కేలన్నీ పీకేసి, అందరి నొప్పుల్నీ కిటికీ కింద బల్ల మీద పెట్టించింది ఫిజియో. డ్రైవర్‌కి ఆవేళే ఆఖరి రోజు. అందరికీ బిస్కెట్ పొట్లాం తెచ్చి పంచాడు. లెక్క తప్పి రెండుసార్లు మాస్టారికే ఇచ్చాడు. మాస్టారు రెండుసార్లూ తీసుకున్నారు.

ఫిజియో అతని మోకాలు వంచి చూసి, చాచి చూసి, "సోమవారం నుంచి బస్సెక్కండి. ప్రయాణికుడి సీట్లో కాదు, మీ సీట్లో" అంది. డ్రైవర్ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆవిడ పర్లేదమ్మ వైపు తిరిగి, "మీరూ సోమవారం వెళ్ళొచ్చు. భుజం పర్లేదంటున్నారుగా" అంది.

"పర్లేదమ్మా" అంది ఆవిడ.

డ్రైవర్ సంతోషంలో బల్ల మీది చదరం ఒకటి తీసి, రోజూలాగే మోకాలికి చుట్టుకుని, ఈల వేసుకుంటూ మెట్లు దిగిపోయాడు. పర్లేదమ్మ మిగిలినదాన్ని భుజాన వేసుకుని ఇంటిదారి పట్టింది.

డ్రైవర్ ఈల వీధి చివరిదాకా కూడా రాలేదు. మోకాలికి చుట్టుకున్నది తొడ మీదికి పాకింది. నొప్పులకి ఎవరి ఒళ్ళయినా ఒకటే, తమ చోటు మాత్రం అవి మర్చిపోవు. స్టాపు చేరేలోపు నడుం దాటింది. బస్సులో టికెట్ తీసుకుంటుంటే కుడిభుజం మీదికెక్కి కూర్చుని ఒక మడత విప్పింది. ఇంటి గుమ్మంలో ఇంకోటి. చొక్కా విప్పబోయి, చెయ్యి సగంలో ఆగిపోయి, అలాగే కుర్చీలో కూలబడ్డాడు.

భార్య వంటగదిలోంచి వచ్చి చూసింది. "మోకాలి నొప్పి భుజానికెక్కిందేంటి? మీకు ఏదీ ఒకచోట నిలవదు కదా!"

"ముందు నా చొక్కా విప్పవే తల్లీ."

ఆవిడ చొక్కా తీసి, భుజం మీదున్నదాన్ని చివర పట్టుకుని లాగింది. వస్తూనే ఉంది. సోఫా కప్పింది, టీపాయ్ కప్పింది, గుమ్మం దాటి వంటగదిలోకి పోయింది. ఆవిడ నోరెళ్ళబెట్టింది. తర్వాత దాని మీదున్న గీతలు వేలితో తడిమింది.

"ఇది మీది కాదు. ఈ మడతలు చూడండి, ఇస్త్రీ పెట్టినట్టున్నాయి. పెళ్ళయినప్పటి నుంచీ మీరు మడతపెట్టిన చొక్కా ఒక్కటి చూపించండి."

డ్రైవర్‌కి అప్పుడు వెలిగింది. "పర్లేదమ్మది" అన్నాడు. "ఇంత ఉందా ఆవిడకి? దీంతోనా నీలం పట్టీ లాగుతోంది?"

అన్నం ముద్ద నోటిదాకా రాక, భార్యే కలిపి పెట్టింది. పెడుతూ, "ఫిజియోకి ఫోన్ చేసి చెప్పండి, మార్చేస్తుంది. ఎల్లుండి మీరు స్టీరింగ్ పట్టుకోవద్దూ?" అంది.

అతను ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ పెట్టేశాడు. "రేపు ఆదివారం. ఒక్కరోజు ఆవిణ్ణి హాయిగా ఉండనీ. సోమవారం పొద్దున్నే చెబుదాం."

"మీరు ఓర్చుకోగలరా?"

"ఆవిడ ఓర్చుకోలేదూ?"

భార్య పక్కగదిలోంచి దిండ్లు తెచ్చి అతని చేతి కింద సర్దింది.

అదే సాయంత్రం పర్లేదమ్మ ఇంట్లో పెద్ద సంబరం జరుగుతోంది. ఆవిడ గుమ్మంలో చెప్పులు విప్పి, అలవాటుగా ఎడంచేత్తో తలుపు తియ్యబోయి, కుడిచెయ్యి ముందే వెళ్ళి తీసేయడం చూసింది. లోపలికొచ్చి చెయ్యి ఎత్తింది. చెయ్యి లేచింది. ఇంకా ఎత్తింది. పైఅరలో దుమ్ము కొట్టుకుపోయిన గిన్నె తీసింది, అవసరం లేకపోయినా కడిగి మళ్ళీ అక్కడే పెట్టింది. అద్దం ముందు నిలబడి జడ విప్పి, తనే వేసుకుంది.

కూతురు వచ్చి చూసి అరిచినంత పని చేసింది. "అమ్మా! నువ్వే వేసుకున్నావా? నయమైపోయిందా?" వెంటనే పిన్నికి ఫోన్ చేసింది, మేనమామకి చేసింది. "మా అమ్మ సోమవారం పనికెళ్తోంది" అని అందరికీ చెప్పేసింది.

పర్లేదమ్మ నవ్వుతూ డాబా మీద బట్టలు తియ్యడానికి మెట్లెక్కింది. కాసిని మెట్లెక్కేసరికి ఎడమ మోకాలు చిన్నగా చురుక్కుమంది. గట్టిగా ఏం కాదు. మర్యాదగా, ఎవరో దగ్గి పిలిచినట్టు. ఆవిడ అక్కడే ఆగిపోయింది. మోకాలి వంక చూసుకుంది. రుమాలంత నొప్పి, ఆ అంచుల దగ్గర అడ్డదిడ్డంగా ఉన్న నలుగుడు చూడగానే ఎవరిదో తెలిసిపోయింది.

మెట్టు మీద కూర్చుండిపోయింది. డ్రైవర్‌కి ఇవాళ ఆఖరి రోజు. అతను ఇక ఆ గదికి రాడు. తను నోరు తెరవకపోతే ఇది తన దగ్గరే ఉండిపోతుంది. ఇంత చిన్న నొప్పితో రోలర్ దగ్గర రోజంతా నిలబడొచ్చు, దుప్పట్లన్నీ దులపొచ్చు. ఎవరో ఒకరు మోయాలి కదా, అతను గట్టి మనిషి, అతనికి భార్య ఉంది చూసుకోవడానికి. ఇలా ఎన్నో అనుకుంది. ఏదీ తప్పుగా అనిపించలేదు, అందుకే ఇంకా భయం వేసింది. కింద నుంచి కూతురు ఫోన్లో నవ్వుతున్న చప్పుడు వినిపిస్తోంది.

మర్నాడు పొద్దున కూడా అలాగే అనుకుంటూ కాఫీ గిన్నె మీద మూత తిప్పింది. గుండ్రటి మూత. చేతులు దాన్ని అటూ ఇటూ పట్టుకుని, స్టీరింగ్ తిప్పినట్టు పక్కకి తిప్పాయి. ఆ తిప్పుడు ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. చెయ్యి బయటికి తిరిగినప్పుడే భుజం లోపల కత్తి దిగుతుంది, కళ్ళు చీకట్లు కమ్ముతాయి. బస్సు మలుపు తిరుగుతుంటే అలా జరిగితే? వెనకాల అంతమంది. ఆవిడ స్టవ్ కట్టేసి, "ఇప్పుడే వస్తా" అని కూతురికి చెప్పి బయల్దేరింది. డిపో వెనక వీధిలో అతని ఇల్లని తెలుసు. ఆ గదిలో అందరికీ అందరి ఇళ్ళూ తెలుసు.

డ్రైవర్ భార్య తలుపు తీసింది. "రా వదినా" అంది, ఎప్పట్నుంచో వస్తున్న మనిషిని పిలిచినట్టు.

ముందుగదిలో డ్రైవర్ దిండ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. నిద్ర లేక ముఖం పీక్కుపోయింది. ఆవిడ నొప్పి అతని భుజం నుంచి దిగి, సోఫా మీదా నేల మీదా పూర్తిగా పరుచుకుని ఉంది. తన నొప్పిని అలా ఇంకొకరి ఇంట్లో, పగటి వెలుతురులో, ఒక్క మడతా లేకుండా చూడటం ఆవిడకి అదే మొదటిసారి. సిగ్గేసింది.

"తెలియక మారిపోయింది డ్రైవర్ గారూ. నాది నాకిచ్చెయ్యండి. మీరు రేపు బండెక్కాలి" అంది.

"సాయంత్రం దాకా ఉండనివ్వండి అక్కా. ఆదివారమేగా."

"మీకు తెలుసా? తెలిసే ఉంచుకున్నారా?"

అతను తలూపాడు. తర్వాత అన్నాడు. "అక్కా, ఒక్కమాట అడుగుతాను. చెయ్యి కిందికి వేలాడేసినప్పుడు కూడా లోపల మంట పెట్టినట్టుంటుంది కదా? దుప్పటి తగిలినా, గాలి తగిలినా. పక్కకి ఒరగలేం, వెల్లకిలా పడుకోలేం, కూర్చుంటే తల వాలిపోతుంది. అవునా?"

ఆవిడ అవునని తలాడించింది. ఇన్నాళ్ళలో ఆ మాటలు ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇంకొకరి నోటి నుంచి, ఉన్నదున్నట్టుగా, ఒక్క ముక్క తేడా లేకుండా వింటోంది. గుమ్మంలోనే కూర్చుని ఏడ్చేసింది. చిన్నగా కాదు, పక్కింటివాళ్ళు తొంగిచూసేంతగా. డ్రైవర్ భార్య వచ్చి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది.

"నొప్పిగా ఉంది తమ్ముడూ" అంది ఆవిడ చివరికి. "చాలా నొప్పిగా ఉంది."

"ఉంటుందక్కా. నాకు తెలియదూ?"

సాయంత్రం దాకా అతను ఇవ్వలేదు. ఆవిడ వాళ్ళింట్లోనే భోంచేసి, కుడివైపుకి ఒరిగి హాయిగా ఒక నిద్ర తీసింది. ఎండ తగ్గాక మార్చుకున్నారు. ఆవిడ అలవాటుగా అంచులు కలపబోతే డ్రైవర్ భార్య చెయ్యి పట్టుకుంది. "మళ్ళీ మడవకు వదినా. రేపు ఇలాగే తీసుకెళ్ళు."

అలాగే తీసుకెళ్ళింది. సోమవారం పొద్దున మెట్ల మీద కూర్చున్నవాళ్ళందరూ లేచి దారి ఇచ్చారు. మాస్టారైతే తోసుకోవడం కూడా మర్చిపోయారు. ఫిజియో దాన్ని ఎగాదిగా చూసి, ఏమీ అనకుండా ఆవిణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, భుజాన్ని మొదటిరోజు పరీక్షించినట్టు మళ్ళీ మొదట్నుంచీ పరీక్షించింది. ఇప్పుడు ఆవిడ ఎక్కడ నొప్పో అక్కడ నొప్పి అని చెప్పింది. చెప్పడం రాని పిల్ల అక్షరాలు కూడబలుక్కున్నట్టు చెప్పింది. చాలాసేపు పట్టింది.

"ఎముకని పట్టుకుని ఉండే తాడొకటి ఉంటుంది లోపల. మీది సగం పైగా చిరిగింది. నీలం పట్టీతో ఇంకో వారం లాగినా, ఇవాళ వెళ్ళి దుప్పట్లు దులిపినా, మొత్తం తెగిపోయేది. ఆ తర్వాత ఈ చెయ్యి భుజం దాటి లేచేది కాదు, నేనున్నా ఎవరున్నా" అంది ఫిజియో. "తప్పు నాది కూడా. మీరు చెప్పింది విన్నాను, మీ చెయ్యి చెప్పింది వినలేదు."

"తెగకుండా బాగవుతుందా అమ్మా?"

"అవుతుంది. మెల్లిగా. నేను చెప్పినంతే చెయ్యాలి, చుక్క ఎక్కువ చెయ్యకూడదు. నొప్పి వస్తే రాలేదనకూడదు."

ఆ మాటల్లో ఉండగానే లాండ్రీ యజమానురాలు వచ్చింది. రోలర్ తిరుగుతోంది, మనిషి రాలేదేంటని చూడ్డానికి స్వయంగా వచ్చింది. పర్లేదమ్మ లేచి నిలబడింది. "నేను ఇవాళ రాలేనమ్మగారూ. ఇంకా చాన్నాళ్ళు రాలేను" అంది. అంత పొడుగాటి "కాదు" ఆవిడ జీవితంలో ఎవరితోనూ అని ఉండదు.

యజమానురాలు విసుగ్గా ఏదో అనబోయి, బల్ల మీంచి వేలాడుతున్నదాన్ని చూసింది. దుప్పట్ల మధ్య తల నెరిసిన మనిషి. దగ్గరికొచ్చి అంచు పట్టుకుని, తడి దుప్పటి బరువు అంచనా కట్టినట్టు చేత్తో ఎత్తి చూసింది. నమ్మకం కుదరనట్టు తన భుజం మీద వేసుకుంది. హ్యాండ్‌బ్యాగు కిందపడింది. మాస్టారు కుర్చీ జరిపేలోపే తీసేసి, మెల్లగా, జాగ్రత్తగా, చంటిపిల్లని దించినట్టు బల్ల మీద పెట్టింది. కాసేపు చెయ్యి నిమురుకుంటూ నిలబడింది.

"లాండ్రీ మూల గదిలో పనిచేసే పిల్లని నీ చోట నిలబెడతాను. నువ్వు వచ్చేదాకానే అని చెబుతాను దానికి" అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "నాకెందుకు చెప్పలేదే" అనేసి వెళ్ళిపోయింది.

కొత్త వ్యాయామం చూస్తే పిల్లలాటలా ఉండేది. ముందుకి వంగి, చెయ్యి కిందికి వదిలేసి, దాన్నే ఊగనివ్వడం. అంతే. తర్వాత గోడ మీద వేళ్ళతో పైకి పాకించడం. నొప్పి ఆపమన్నచోట ఆపడం. ఆ గోడ మీద ఆవిడ వేళ్ళ గుర్తులు కొత్త రంగు మీద వరసగా పడ్డాయి. అవి ఎంత నెమ్మదిగా, ఎంత పట్టు విడవకుండా పైకి పాకాయంటే, మాస్టారి నొప్పి కూడా సిగ్గుపడి ఓ జానెడు తగ్గింది. ఫిజియో ఆ గుర్తుల్ని తుడవనివ్వలేదు. పర్లేదమ్మ ఎన్నిసార్లు "మీ రుణం ఎలా తీర్చుకోను" అన్నా, "మోచెయ్యి ఒంటికి ఆనించి ఉంచండి, అదే చాలు" అనేది.

చలి వెళ్ళి, ఎండలు వచ్చి, వానలు కూడా మొదలయ్యాక ఒక పొద్దున, డ్రైవర్ మొదటి ట్రిప్పు తీసుకెళ్తున్నాడు. బస్సు దాదాపు ఖాళీ. ఒక స్టాపులో పర్లేదమ్మ ఎక్కింది. లాండ్రీలో వేసుకునే ముదురు నీలం కోటు వేసుకుని ఉంది. కూర్చోలేదు. నడుచుకుంటూ ముందుకొచ్చి, కుడిచెయ్యి పైకెత్తి, తల మీదున్న కడ్డీ పట్టుకుని నిలబడింది.

"అక్కా, ఇన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయి. కూర్చోండి."

"నువ్వు పోనీ తమ్ముడూ. నేను నిలబడతాను."

డ్రైవర్ అద్దంలోంచి ఆ చేతిని చూశాడు. గేరు వేసి, మలుపులన్నీ నెమ్మదిగా తిప్పుతూ పోనిచ్చాడు. దిగాల్సిన స్టాపు వచ్చేదాకా ఆవిడ చెయ్యి దించలేదు.